రెఫరెండం ముందు చర్చలతో ఓటు మారుతుందా? 2014 స్కాట్లాండ్‌లో మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: "దేశం విడిపోవాలా వద్దా అని రెఫరెండం పెడితే, ముందు జరిగే చర్చల వల్ల జనం నిజంగా మనసు మార్చుకుంటారా, లేక అనుకున్నదే వేస్తారా? 2014లో స్కాట్లాండ్‌లో ఉన్న తెలుగువాళ్ళెవరైనా చెప్తారా?"

మార్చుకుంటారండీ. ఎస్ అంటే బ్రిటన్ నుంచి విడిపోవాలని, నో అంటే కలిసే ఉండాలని. మా ఇంట్లో మూడు ఓట్లు. అమ్మాయిది మొదటి రోజు నుంచీ ఎస్, చివరిదాకా కదల్లేదు. మా ఆయన నో నుంచి ఎస్‌కి మారారు. నేను ఆఖరి వారం వరకూ ఎటూ తేల్చుకోలేక చివరికి నో వేశాను. ఆ నో గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మేం 2007లో గ్లాస్గో వచ్చాం. ఆయన సాఫ్ట్‌వేర్, నేను వయసు మళ్ళినవాళ్ళుండే కేర్ హోమ్‌లో పని. 2014 నాటికి ముగ్గురివీ ఇండియా పాస్‌పోర్టులే. ఇది వీళ్ళ ఇంటి గొడవ, మనకెందుకని మొదట్లో అనుకున్నాను. తీరా చూస్తే మాకూ ఓటుంది. స్కాట్లాండ్‌లో ఉంటున్న బ్రిటిష్, ఐరిష్, యూరోపియన్ యూనియన్ పౌరులతో పాటు, ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న, ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాలవాళ్ళకీ ఇచ్చారు. వయసు కూడా 16కి దించారు, మా అమ్మాయికి అప్పటికి సరిగ్గా 16 నిండాయి. ఎడిన్‌బరోలో పుట్టి పెరిగి లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నవాడికి లేని ఓటు ఖమ్మంలో పుట్టిన నాకుంది. పోలింగ్ కార్డులు మా పేర్లతో వచ్చిన రోజు వాటిని తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టాను.

ఆ ఏడాది మా ఇంట్లోకి విడిపోవడం అన్న మాట రెండు వైపుల నుంచీ వచ్చింది. నాది ఖమ్మం, ఆయనది గుంటూరు. ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు లోక్‌సభలో పాసవుతుండగా ప్రసారం ఆగిపోతే, ఇద్దరం చెరో ఫోనూ పట్టుకుని చెరో ఊరికీ చేశాం. రెండింటినీ ఒక గాటన కట్టకూడదని నాకు తెలుసు. అక్కడ విడిపోయింది రాష్ట్రం. దేశం అదే, రూపాయి అదే. కానీ అక్కడ పార్లమెంటు తేల్చింది, మా అమ్మనిగానీ మా అత్తగారినిగానీ చీటీ చేతికిచ్చి నీకేం కావాలని ఎవరూ అడగలేదు. ఇక్కడ తేదీ ముందే చెప్పి, ఒక్క వాక్యం అచ్చువేసి, మనిషి మనిషినీ అడిగారు. ఆ తేడా నన్ను బాగా కదిలించింది.

ఆ ఒక్క వాక్యం మీద కూడా ఎంత జాగ్రత్త పడ్డారో. 2012 అక్టోబరు 15న బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, స్కాట్లాండ్ ప్రభుత్వాన్ని నడిపే ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్ ఎడిన్‌బరోలో రెఫరెండం ఒప్పందం మీద సంతకాలు చేశారు. స్కాట్లాండ్ ప్రభుత్వం మొదట రాసిన ప్రశ్న "స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలని మీరు ఒప్పుకుంటారా?" అని. ఎన్నికల కమిషన్ దాన్ని జనం దగ్గర పరీక్షించి, "ఒప్పుకుంటారా" అంటే అవుననే వైపు మొగ్గేలా ఉందని చెప్పింది. "స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలా?" అని మార్చారు. ఇరుపక్షాలూ సరేనన్నాయి. తర్వాత రెండేళ్ళు ఎంత తిట్టుకున్నా, ప్రశ్న మోసమని ఏ పక్షమూ అనలేదు. చర్చ సాగాలంటే కాళ్ళ కింద అంత గట్టి నేల ఉండాలని నాకప్పుడే అర్థమైంది.

1979 సంగతి నాకు మా కేర్ హోమ్‌లో ఉండే పెద్దాయన చెప్పారు. గోవన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఏడాది స్కాట్లాండ్‌కి సొంత అసెంబ్లీ కావాలా అని అడిగితే 51.6 శాతం కావాలన్నారట. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం మంది కావాలని వేస్తేనే చెల్లుతుందని షరతు. ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్నవాడూ, జాబితాలోంచి పేరు తీయకముందే చచ్చిపోయినవాడూ వద్దన్న లెక్కలోకే వచ్చారు. ఈసారి అలాంటి షరతు లేదు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు. "ఈసారి చచ్చినవాళ్ళు ఓటెయ్యరులే అమ్మాయీ" అనేవారాయన.

చర్చంటే నా మటుకు ఆయన గదిలో సాయంత్రం టీ పూట జరిగిందే. మేమెటు వేస్తున్నామో అక్కడున్నవాళ్ళకి చెప్పకూడదని మాకు గట్టి ఆదేశం. ఆయన మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ నవ్వి ఊరుకున్నాను. ఒకరోజు పర్సులోంచి రెండు పది పౌండ్ల నోట్లు తీసి దుప్పటి మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ది, రాణి బొమ్మతో. రెండోది క్లైడ్స్‌డేల్ బ్యాంకుది, స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి కదా, అందులో ఒకటి. "రెండూ పౌండే. కానీ ఇది లండన్‌లో ఇస్తే కొట్టువాడు వెలుగుకి పెట్టి తిప్పి తిప్పి చూస్తాడు. రేపు నా పెన్షన్ ఏ నోట్లలో ఇస్తారు?" అన్నారు. చెయ్యి వణుకుతుండేది ఆయనకి, నోటు అంచు టపటపలాడింది.

రెండేళ్ళ చర్చలో అసలు ముడి అదే. విడిపోయినా పౌండే వాడతాం, లండన్‌తో కలిసి ఉమ్మడిగా నడుపుకుంటాం అని సాల్మండ్ చెప్పేవారు. బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ 2014 ఫిబ్రవరి 13న ఎడిన్‌బరో వచ్చి మరీ అది కుదరదని చెప్పి వెళ్ళారు. ఎస్ పక్షం వాళ్ళు అదంతా ఉత్త బెదిరింపు, గెలిచాక దారికొస్తారు అన్నారు. పెద్దాయన మాత్రం ఒక మాటన్నారు: "అది సాల్మండ్ ఇచ్చేది కాదు, లండన్‌వాళ్ళని అడిగి తెచ్చేది." ఆ తర్వాత ఎవరు ఏ హామీ ఇచ్చినా నేను దాన్ని ఆ తూకంలోనే వేసి చూశాను.

టీవీ చర్చలు రెండు జరిగాయి. ఆగస్టు 5న మొదటిది. ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా ఒక దేశం జెండా, రాజధాని, డబ్బు ఏమిటో చెప్తాడు, మీరు డబ్బు సంగతి చెప్పలేకపోతున్నారే అని నో పక్షం నాయకుడు అలిస్టర్ డార్లింగ్ నిలదీస్తే సాల్మండ్ దగ్గర సూటి జవాబు లేదు. ఆగస్టు 25న కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో రెండోది. నో అంటే స్కాట్లాండ్‌కి కొత్తగా వచ్చే అధికారాల్లో ఉద్యోగాలు పుట్టించేవి మూడు చెప్పమని సాల్మండ్ అడిగితే ఈసారి డార్లింగ్ తడబడ్డారు. మొదటి చర్చ నన్ను నో వైపు నెట్టింది. రెండోది చూసి మా అమ్మాయి సోఫా మీద ఎగిరి గంతేసింది. కానీ నిజం చెప్పాలంటే టీవీ చర్చ మా ముగ్గురిలో ఎవరినీ అటు నుంచి ఇటు తేలేదు.

మా ఆయన మారింది కాగితం చదివి. 2013 నవంబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం స్వతంత్రం వస్తే ఏం చేస్తామో చెప్తూ 670 పేజీల వైట్ పేపర్ విడుదల చేసింది. ఆయన దాన్ని ల్యాప్‌టాప్‌లో దించుకుని రాత్రిళ్ళు చదివేవారు. చదువయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసుకునే వీసాని లండన్ ప్రభుత్వం 2012లో ఎత్తేసింది. మన పిల్లలు లక్షలు అప్పు చేసి వచ్చేది ఆ రెండేళ్ళని నమ్ముకునే. ఆయన అక్క కొడుకు ఇక్కడే ఎమ్మెస్ చేసి, ఉద్యోగం వెతుక్కునే గడువు లేక 2013లో తిరిగి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో ఈయన మొహం నాకింకా గుర్తు. స్వతంత్రం వస్తే ఆ వీసా మళ్ళీ తెస్తామని వైట్ పేపర్‌లో ఉంది. ఈయన ఆ పేజీ నాకు చూపించి, "ఇది మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, సొంత దేశమైతే సొంత వీసానే" అన్నారు. పెద్దాయన తూకంలో అది నిలిచింది, ఒప్పుకున్నాను.

నో పక్షం వాళ్ళు చేసిన పెద్ద తప్పు ఆగస్టు చివర్లో వేసిన ఒక ప్రకటన. ఒకావిడ వంటింట్లో కప్పు పట్టుకుని కూర్చుని, మొగుడు పొద్దస్తమానం రెఫరెండం అంటాడు, నాకు తీరిక ఎక్కడ, అన్నట్టు మాట్లాడుతుంది. నేను నో వైపు మొగ్గుతున్నదాన్నే, అయినా ఒళ్ళు మండింది. మా కేర్ హోమ్ వంటగదిలో ఆడవాళ్ళం బ్రెడ్డుకి వెన్న రాస్తూ నార్త్ సీ చమురు ఇంకెన్నేళ్ళుంటుంది, ఫాస్లేన్‌లో ఉన్న అణు జలాంతర్గాములు ఏమవుతాయి అని వాదించుకునేవాళ్ళం.

సెప్టెంబరు 7న ఒక సర్వేలో ఎస్ 51, నో 49 అని వచ్చింది. అక్కడి నుంచి అంతా ఉరుకులు పరుగులు. 10వ తేదీన బ్రిటన్‌లోని మూడు పెద్ద పార్టీల నాయకులూ లండన్‌లో పార్లమెంటు పని వదిలి స్కాట్లాండ్ వచ్చారు. పెద్ద బ్యాంకులు రెండు, ఎస్ గెలిస్తే రిజిస్టర్డ్ ఆఫీసు ఇంగ్లండ్‌కి మారుస్తామన్నాయి. మా ఆయన ప్రాజెక్టు బ్యాంకులదే, ఇంటి లోను ఇంకా 19 ఏళ్ళుంది. 11న మా అమ్మాయి స్కూలు పిల్లలతో కలిసి హైడ్రో స్టేడియంలో బీబీసీ పెట్టిన చర్చకి వెళ్ళింది. వేలమంది పిల్లలు, అంతా 16, 17 ఏళ్ళవాళ్ళు. గొంతు బొంగురుపోయి వచ్చింది. అన్నం తింటూ, "అమ్మా, నువ్వు నో అనేది నీ కోసమా, నా కోసమా?" అని అడిగింది. లోను కోసం అని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. 16న ఆ ముగ్గురు నాయకులూ స్కాట్లాండ్ పార్లమెంటుకి మరిన్ని అధికారాలిస్తామని సంతకాలతో ఒక ప్రతిజ్ఞ డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీలో వేయించారు.

నన్ను చివరికి నో వైపు లాగింది డబ్బు భయం ఒక్కటే కాదు. నాతో అదే షిఫ్టులో పనిచేసే పోలండ్ అమ్మాయి ఉండేది. విడిపోతే స్కాట్లాండ్ యూరోపియన్ యూనియన్ బయట పడుతుందని, లోపలే ఉండాలంటే నో వేయాలని నో పక్షం గట్టిగా చెప్పేది. అప్పటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు బరోసో కూడా స్కాట్లాండ్ తిరిగి చేరడం చాలా కష్టమన్నారు. ఆ అమ్మాయి ఇక్కడ ఉండగలిగేది ఆ యూనియన్ వల్లే. ఆమె నో అంది, నేనూ నో అన్నాను.

18న గురువారం. మా వీధి చివరి ప్రైమరీ స్కూల్లో పోలింగు. గేటు దగ్గర ఎస్ బ్యాడ్జీవాళ్ళూ నో బ్యాడ్జీవాళ్ళూ ఒకే ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నారు. లోపల చిన్నపిల్లల బల్ల, దారంతో కట్టిన పెన్సిలు. మా అమ్మాయి నాకంటే ముందు వేసి, బయట గోడకానుకుని ఏడుస్తోంది. సంతోషంతోనే. పెద్దాయన పోస్టల్ ఓటు అంతకుముందు వారమే పంపేశారు. కళ్ళజోడు నేను పెట్టాను, గుర్తు పెట్టేటప్పుడు చేత్తో మూసుకున్నారు. ఆయన ఎటు వేశారో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఓటర్లలో 84.6 శాతం మంది వచ్చారు. నో 55.3, ఎస్ 44.7. మా గ్లాస్గోలో మాత్రం 53.5 శాతం ఎస్. మర్నాడు పొద్దున బస్సులో ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ సాయంత్రం జార్జ్ స్క్వేర్‌లో గొడవలయ్యాయి, అమ్మాయిని ఇల్లు కదలనివ్వలేదు. రెండేళ్ళ చర్చా అంతా మర్యాదగా జరిగిందని నేను చెప్పను. ఇంటి ముందు నుంచుని అరిచినవాళ్ళనీ చూశాను, మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములనీ చూశాను.

సంతకాల ప్రతిజ్ఞకి 2016లో చట్టం వచ్చింది, ఆదాయపన్ను రేట్లు నిర్ణయించుకునే అధికారం స్కాట్లాండ్‌కి దక్కింది. అది ఎంతవరకు చాలుతుందన్నది వేరే వాదన. అదే ఏడాది జూన్ 23న ఇంకో రెఫరెండం వచ్చింది, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలన్నారు. దేశం మొత్తం లెక్కలో వద్దన్నవాళ్ళు గెలిచారు. ఈసారి ఓటరు జాబితా నియమాలు వేరు: ఇండియా పాస్‌పోర్టు ఉన్న నాకు ఓటుంది, పోలండ్ అమ్మాయికి లేదు. ఫలితం వచ్చిన పొద్దున సింకు దగ్గర పక్కపక్కన చేతులు కడుక్కుంటున్నాం. "మనం ఉండాలనే కదా అప్పుడు నో వేశాం" అంది. కుళాయి కట్టేసి టవల్ అందించాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: చర్చ ఓటుని మారుస్తుంది, కానీ స్టేజీ మీద మాటకి మాట చెప్పుకునేదానికంటే దుప్పటి మీద పెట్టిన రెండు నోట్లు, ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపిన పిల్లాడు ఎక్కువ మారుస్తాయి. నేను పౌండు విషయంలో పెద్దాయన తూకం వాడాను, యూరప్ విషయంలో వాడటం మర్చిపోయాను. నో వేస్తే యూనియన్‌లో ఉంటాం అన్నవాళ్ళు, రేపు ఇంగ్లండ్ ఓటర్లు ఏమంటారో తమ చేతిలో లేకుండానే ఆ మాటిచ్చారు. అది అప్పుడే అడగాల్సింది.

మళ్ళీ రెఫరెండం పెడితే ఎటు వేస్తారని మా అమ్మాయి పండక్కి ఇంటికొచ్చినప్పుడల్లా అడుగుతుంది. లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంటు తనంత తాను పెట్టలేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇప్పట్లో ఆ రోజు వస్తుందో రాదో. మా ఆయన ఎస్‌లోనే ఉన్నారు. నేను పౌండు సంగతి ఏం చేస్తారో ఇంకా అడుగుతూనే ఉన్నాను.