పాత కట్టెల పొయ్యికి కొత్త ఇటుకలు

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి ఇనుప కట్టెల పొయ్యిలో లోపలి వరుస ఇటుకలు పగిలిపోయాయి. మేస్త్రీ సిమెంటు, ఇసుక కలిపి ముక్కలు పోసి బిగిస్తే ఇరవై రోజులకే పెచ్చులుగా రాలిపోయాయి. ఇటుకకు ఒక వైపు ఏటవాలు ఉన్నందున దుకాణాల్లో అదే రకం దొరకలేదు. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చేసుకోవచ్చు. అయితే ముందుగా 230×115×75 మిల్లీమీటర్ల మామూలు ఫైర్‌బ్రిక్‌ను (ఎక్కువ వేడిని తట్టుకునే ఇటుకను) రాయి కోసే బ్లేడుతో ఏటవాలుగా కోయించి చూడండి; చాలా పొయ్యిలకు పని అక్కడితో తీరుతుంది.

మీ మేస్త్రీ పనితనంలో లోపం లేదు, సరుకే తప్పు. మామూలు సిమెంటుకు గట్టిదనం అది పట్టి ఉంచుకున్న నీటి వల్ల వస్తుంది. 400–500 డిగ్రీల మధ్య అందులోని కాల్షియం హైడ్రాక్సైడ్ నీటిని వదిలి పొడి సున్నంగా మారుతుంది, పొయ్యి చల్లారాక గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. పైగా ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం 573 డిగ్రీల వద్ద హఠాత్తుగా వ్యాకోచిస్తుంది. చింతమొద్దులు మండే పొయ్యిలో నిప్పుల దగ్గర ఈ వేడి రోజూ ఉండేదే.

కోయడం కుదరకపోతే రెండు పాళ్ల ఫైర్‌క్లేకు (వేడిని తట్టుకునే బంకమట్టికి) ఒక పాలు పాత ఫైర్‌బ్రిక్ నలగ్గొట్టిన రవ్వ కలపండి. మీ పగిలిన ఇటుకలే ఇందుకు పనికివస్తాయి కనుక వాటిని పారేయకండి. కొట్టేటప్పుడు మాత్రం నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. మట్టి ఎండి, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును రవ్వ తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. అందుకే మొదట ఈ తడి మట్టితో చేసిన ఒక చిన్న పలకపై 100 మిల్లీమీటర్ల గీత గీసి, ఎండబెట్టి, కాల్పించి కొలవండి. గీత 93కు తగ్గితే, 230 రావలసిన ఇటుకకు అచ్చు 247 ఉండాలి. ఈ లెక్క వేయకుండా చేసిన ఇటుక పొయ్యిలో వదులుగా కూర్చుంటుంది.

ఇటుకలను నీడలో, రోజుకోసారి తిప్పుతూ, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఈశాన్య రుతుపవనాల వానలు పడే కార్తీకం ఈ పనికి అనువు కాదు. మాఘం దాటాక మొదలుపెట్టడం మేలు. తడి మిగిలిన ఇటుకను కాలిస్తే లోపలి ఆవిరి దాన్ని పేల్చివేస్తుంది. కాల్పించడానికి పలమనేరు వైపు టెర్రకోట చేసే కుమ్మరులను అడగండి. వారి ఆవంలో మీ నాలుగు ఇటుకలకు చోటు దొరకవచ్చు.

పాత ఇటుకల వెనుక తెల్లటి పీచు అట్ట ఉంటే అది ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు ఖనిజం) కావచ్చు, దాన్ని గీకవద్దు. కొత్తవాటిని బిగించేటప్పుడు ఒక్కొక్క ఇటుకకు 2 మిల్లీమీటర్ల సందు వదలండి. వేడికి అవి కొద్దిగా సాగుతాయి. మొదటి మూడు రోజులు పుల్లలతో చిన్న మంటలే పెట్టి, నాలుగో రోజు నుంచి మొద్దులు వేయండి.