అమెరికా ప్రభుత్వం పరిశ్రమల జోలికి పోలేదా? ఒకసారి పుల్‌మన్ చూసి చెప్పండి

ప్రశ్న: "ప్రభుత్వం పరిశ్రమల జోలికి పోకపోవడం వల్లే అమెరికా అంత ఎదిగిందంటారు. నిజమేనా?"

ముమ్మాటికీ కాదు. జోలికి పోని కాలమంటూ అక్కడ లేదు. ఎవరి పక్కన నిలబడింది అన్నదే అడగాల్సింది.

నేను షికాగోలో ఉంటాను. పోయిన ఎండాకాలం మా బాపు వచ్చినప్పుడు అరోరా బాలాజీ గుడి, డెవాన్ వీధి చూపించాక, ఊరికి దక్షిణాన ఉన్న పుల్‌మన్‌కు తీసుకెళ్లాను. బాపు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. 1974 రైల్వే సమ్మె చూసిన మనిషి. ఎర్ర ఇటుకల ఇళ్ల వరస ముందు ఆగి, "మన రైల్వే క్వార్టర్ల లెక్కనే ఉన్నయిరా" అన్నాడు. గోడ మీద చెయ్యేసి కాసేపు తడిమి, "కిరాయి జీతంలకెల్లే పట్టుకునేటోళ్లా?" అని అడిగాడు.

కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. రైళ్లకు స్లీపర్ బోగీలు చేసే జార్జ్ పుల్‌మన్ 1880లలో తన కార్మికుల కోసం కట్టించిన ఊరు అది. ఇల్లు, దుకాణం, చర్చి, అన్నీ కంపెనీవే. 1893లో మాంద్యం రాగానే జీతాల్లో సుమారు పావు వంతు కోసేశాడు. కిరాయి మాత్రం ఒక్క సెంటు తగ్గించలేదు. వాటాదారులకు డివిడెండ్ ఆపలేదు. కిరాయి పోగా ఒకతని చేతికి 2 సెంట్ల చెక్కు వచ్చింది. అతను దాన్ని మార్చుకోకుండా ఫ్రేము కట్టించుకున్నాడని ఆ ఊరి పాస్టరు తర్వాత ప్రభుత్వ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. ఇది చెప్తే బాపు మాట్లాడలేదు. ఆ ఇంటి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

1894 మేలో సమ్మె మొదలైంది. యూజీన్ డెబ్స్ నడిపే అమెరికన్ రైల్వే యూనియన్ జూన్ 26 నుంచి పుల్‌మన్ బోగీలున్న రైళ్లను ముట్టుకోబోమంది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? అటార్నీ జనరల్ రిచర్డ్ ఓల్నీ, పదవికి ముందు రైల్వే కంపెనీల లాయరు, కోర్టు నుంచి నిషేధాజ్ఞ తెప్పించాడు. టపా ఆగుతోందన్నది సాకు. ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ అడగకపోయినా, జులై 4కల్లా ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ పంపిన సైన్యం షికాగోలో దిగింది. కంపెనీల గుత్తాధిపత్యాన్ని విరవడానికి 1890లో తెచ్చిన షెర్మన్ చట్టాన్నే యూనియన్ మీద వాడారు. డెబ్స్‌కు ఆరు నెలల జైలు. 1895లో సుప్రీంకోర్టు ఆ నిషేధాజ్ఞ సరైనదేనంది. ఇది జోలికి పోకపోవడమా?

ఇంకో సంగతి చూస్తే నాకు కడుపు మండుతుంది. సెప్టెంబర్ లేబర్ డేను జాతీయ సెలవు చేసే చట్టం మీద క్లీవ్‌లాండ్ సంతకం పెట్టింది 1894 జూన్ 28న, సైన్యాన్ని పంపడానికి వారం ముందు. మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు టీవీల మీద డిస్కౌంట్లు తప్ప ఇంకో మాట కనబడదు. మేడేకు మూలమైన, కార్మికుల సభలో బాంబు పేలిన 1886 నాటి హేమార్కెట్ ఘటన కూడా ఈ షికాగోలోదే. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటున్న వాళ్లకే ఇది తెలియదు.

డెబ్స్ యూనియన్‌నూ నేను వెనకేసుకురాను. నల్లజాతి వాళ్లను చేర్చుకోలేదు. అదే బోగీల్లో పక్కలు పరిచే పోర్టర్లంతా నల్లవాళ్లే. వాళ్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నారు. కంపెనీ ఏళ్ల తరబడి వాళ్ల ముఖం చూడలేదు. 1934లో రైల్వే కార్మిక చట్టాన్ని సవరించి పోర్టర్లనూ దాని కిందికి తెచ్చాకే దారికొచ్చింది. 1937లో పుల్‌మన్ కంపెనీ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టింది.

తిరిగి కారెక్కేటప్పుడు బాపు అడిగాడు, "పన్నెండేండ్లు ఎట్ల గడిపిన్రురా వాళ్లు?"