అనుమానితుడు అన్నంత మాత్రాన నేరస్థుడు కాదండీ

మీ తమ్ముణ్ణి పోలీసులు అనుమానితుడు అన్నారు కాబట్టి ఇక నేరం ఖాయమైనట్టేనా అని అడిగారు కదా, అస్సలు కాదండీ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అనుమానితుడు అంటే, నేరం జరిగిన సమయానికి అక్కడ కనిపించాడనో, బాధితుడి ఫోన్‌లో చివరి కాల్ తనదనో, ఏదో ఒక కారణంతో దర్యాప్తు చేసేవాళ్లు కన్నేసి ఉంచిన మనిషి, అంతే. కేసు పెట్టి పేరు చేర్చాక నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి.

1996 అట్లాంటా ఒలింపిక్స్ బాంబు కేసులో రిచర్డ్ జువెల్ అనే సెక్యూరిటీ గార్డుని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుమానించింది, పత్రికలు ఆయన పరువు తీశాయి, చివరికి ఆయన మీద ఒక్క అభియోగం కూడా పెట్టలేదు, బాంబు పెట్టినవాడు వేరే. ఎవరో కూడా తెలియని దొంగ గురించి 'అనుమానితుడు పారిపోయాడు' అని పేపర్లలో రాస్తారు చూడండి, అది మరీ తప్పు, పారిపోయింది దొంగే కదా!

విచారణకు పిలిస్తే మాత్రం లాయర్‌తో మాట్లాడకుండా పంపకండి, చదవకుండా దేనిమీదా సంతకం పెట్టనివ్వకండి.