మధ్య గొంతు పాడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ నాకదే ఆలోచన. ఇన్నేళ్లు జాజ్ నేర్చుకుని, ఇప్పుడు గిటార్లు వాయించే ఇద్దరు కుర్రాళ్లతో కలిసి జానపదాల గ్రూపు మొదలుపెడుతున్నావు. ‘నేర్చుకున్నదంతా వృథా పోతుందా పెద్దమ్మా?’ అని అడిగావు. పోదు. కాకపోతే దాన్ని ఎక్కడ బయటపెట్టాలో, ఎక్కడ గుండెలో ఉంచుకోవాలో తెలుసుకోవాలి. క్వైర్‌లో 30 ఏళ్లు ఆల్టో, అంటే ఆడవాళ్ల పై గొంతుకి కింద ఉండే మధ్య గొంతు, పాడాను కాబట్టి ఈ నాలుగు మాటలూ చెప్పగలను.

ముందు రూఫ్‌టాప్ సింగర్స్ అనే అమెరికన్ జానపద బృందం పాడిన ‘వాక్ రైట్ ఇన్’ విను. అచ్చం మీలాగే ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఎరిక్ డార్లింగ్ అంతకుముందు వీవర్స్ అనే పేరున్న జానపద బృందంలో గాయకుడు పీట్ సీగర్ ఖాళీ చేసిన చోట పాడినవాడు. రెండోవాడు బిల్ స్వానో. ఇక లిన్ టేలర్ జాజ్ గాయని. బెన్నీ గుడ్‌మన్, బడ్డీ రిచ్‌ల జాజ్ బృందాలతో పాడి వచ్చింది. 1963 జనవరిలో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో ఆమె ఒక్కర్తే విడిగా సంగతులు వేసిన చోటు ఎక్కడుందో వెతుకు. నాకైతే దొరకలేదు. మరి ఆమె జాజ్ ఏమైంది? నాకు వినిపించినంతవరకు అది నడకలో ఉంది. మాట తాళం మీద ఠపీమని పడకుండా కాస్త ఊగుతూ వచ్చి వాలుతుంది. ముగ్గురూ ఒకే ఊపిరి మీద ఊగుతారు. నువ్వు తీసుకెళ్లాల్సింది అదీ.

రిహార్సల్‌లో ముగ్గురూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా, ఒకరి నోరు ఒకరికి కనబడేలా కూర్చోండి. మొదటి వారం గిటార్లు ముట్టుకోనివ్వకు. ఒక్క ‘ఆ’కారం పట్టుకుని, నీ గొంతు నీకు విడిగా వినబడకుండా పోయేదాకా పాడండి. వినబడుతోందంటే నువ్వు ఎక్కువ పాడుతున్నట్టే. వైబ్రాటో తగ్గించు, నీ గొంతు వణికితే పక్కవాళ్ల శ్రుతి మసకబారుతుంది. మాట చివరి హల్లు ముగ్గురి నోటా ఒక్కసారే తెగాలి. మా క్వైర్‌లో ‘స్తోత్రం’లో ఆ సున్నా దగ్గర పెదవులు ఒకేసారి మూసుకోవడానికే రెండు ఆదివారాలు పట్టింది. మధ్య గొంతుకి చప్పట్లు రావు, తల్లీ. కాని అది ఒక్క పాటలో లేకపోతే మిగతా రెండూ ఎంత బోసిపోతాయో పాడేవాళ్లకే తెలుస్తుంది.

గిటార్ల విషయం కుర్రాళ్లకి చెప్పు. డార్లింగ్‌కి ఆ పాటలో రెండు 12 తీగల గిటార్లు కావాలనిపించింది. అప్పట్లో అవి కొందామన్నా దొరికేవి కావు. గిబ్సన్ కంపెనీకి ఆర్డరిచ్చి, స్వానో కోసం రెండోది తయారై వచ్చేదాకా ఆగి మరీ రికార్డు చేశారు. తీగలన్నీ జంటలే, కింది స్థాయి జంటల్లో ఒకటి మంద్రం, ఒకటి దానికి పై స్థాయి. అందుకే రెండు గిటార్లకే అంత నిండుదనం. మీకు కావాల్సిన ధ్వని ఏమిటో తేల్చుకోకుండా స్టూడియోకి డబ్బు కట్టకండి. డబ్బు వాటాలు మాత్రం మొదటి ప్రోగ్రాంకి ముందే కాగితం మీద రాసుకోండి.

ఇక నా మనసులో ఎక్కువగా ఉన్న విషయం. ఆ పాట వాళ్లది కాదు. మెంఫిస్‌లో గస్ కానన్ అనే నల్లజాతి కళాకారుడు తన జగ్ స్టాంపర్స్ బృందంతో 1929లో రికార్డు చేసింది. చిన్నప్పుడు మూకుడుకి తోలు బిగించి బాంజో అనే తీగల వాద్యం చేసుకున్నాడట. మెడకి ఖాళీ డబ్బా కట్టుకుని, బాంజో వాయిస్తూనే దాన్ని కూడా వాద్యంలా ఊదేవాడు. ఈ ముగ్గురి పాట రేడియోల్లో మోగేనాటికి ఆయనకి 79 ఏళ్లు. చలికాలం గడవక బాంజో తాకట్టు పెట్టుకుని ఉన్నాడు. ఈ పాట పుణ్యమా అని జనం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. స్టాక్స్ అనే రికార్డుల కంపెనీ 1963లో ఆయన చేత ఆల్బమ్ పాడించింది.

ఇది చదివినప్పుడల్లా నా తప్పు గుర్తొస్తుంది. తెనాలి దగ్గర ఒక ముసలమ్మ గట్టుమీద కూర్చోబెట్టి నాకో నాట్ల పాట నేర్పింది. మేం దానికి మూడు గొంతుల్లో హార్మనీ కట్టి, ఒక సభలో ‘సంప్రదాయ గేయం’ అని చెప్పి పాడేశాం. ఆవిడ వెనక వరసలో కూర్చుని ఉందని నాకు తెలీదు. అయిపోయాక వచ్చి నా చెయ్యి పట్టుకుని, ‘బాగా పాడావమ్మా. మా అత్త కట్టిన పాట. ఆమె పేరు చెప్తావేమో అని చూశాను’ అంది. ఆ చేతి గరుకు ఇంకా నా అరచేతిలోనే ఉంది.

మీరు ఏ పాట ఎత్తుకున్నా, అది ఎవరి నోటినుంచి వచ్చిందో, ఏ ఊరిదో ముందు వెతకండి. మొదటి గిటార్ మీటకముందే ఆ పేరు నువ్వే చెప్పు, నీ గొంతుతో. బతికున్నవాళ్లైతే వెళ్లి కలిసి రండి, డబ్బు వస్తే వాటా ఇవ్వండి.

శనివారం రిహార్సల్ రికార్డు చేసి పంపించు. మధ్య గొంతు ఒక్కటీ పట్టుకుని వింటాను.

నీ పెద్దమ్మ
గుంటూరు