మీ ప్రశ్నలు, మా జవాబులు: ఇష్టమైన గొంతులు, గీతలు, షార్ట్ ఫిలింలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు పాటల గురించే. అన్నిటికీ రాయాలంటే పత్రిక సరిపోదు, కొన్నిటినే ఏరాను.

ప్రశ్న: ఘంటసాల, బాలు... ఎవరో ఒక్కరి పేరు చెప్పండి. ఇద్దరూ రెండు కళ్లు అని తప్పించుకోవద్దు. (ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: సరే మాస్టారూ, బాలు. ఇప్పుడు తిట్టడం మొదలుపెట్టేలోపు నా కారణం కూడా వినండి. పద్యం దగ్గర ఘంటసాల తర్వాతే ఎవరైనా, అందులో నాకు రెండో మాట లేదు. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చిన విద్య ఆయన గొంతులో ఎంతగా ఒదిగిపోయిందంటే, రాగం ఎంత దూరం పోయినా పద్యంలో ఒక్క అక్షరం కూడా నలగదు. కానీ బాలు చేసిన పని వేరు. తెర మీద ఎవరుంటే వాళ్ల గొంతులోకి దూరేవారాయన. అల్లు రామలింగయ్యకి పాడితే రామలింగయ్యే పాడుతున్నాడేమో అనిపించేది. 1966లో మొదటి సినిమా పాట పాడిన ఆ మనిషి, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే 1980లో 'శంకరాభరణం'కి పాడి జాతీయ అవార్డు అందుకున్నారు. ఆ మొండి ధైర్యం నాకిష్టం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన ప్రేమ పాటలు వినండి, చాలా చోట్ల పల్లవి చివరి మాటని పూర్తిగా పలికి ఆపేయరు, కాస్త ఊపిరి కలిపి వదులుతారు, ఆ పాత్ర లోపల నవ్వుకుంటోందో లేదో ఆ ఊపిరిలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు ముప్పై దాటలేదు, కానీ ఎప్పుడూ పాత పాటలే వింటున్నానని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. నాలో ఏమైనా తేడా ఉందా?

జవాబు: లేదండీ. ఏడిపించనివ్వండి. అయితే ఒక చిన్న షరతు, కొత్త పాట ఏదైనా వినకుండానే చెత్త అనేస్తుంటే మాత్రం మీ ఫ్రెండ్స్ పక్షమే నేను.

ప్రశ్న: ఇప్పటి పాటలు మొదలవ్వగానే అయిపోతున్నాయి. చరణాలు ఏమైపోయాయి? మధ్యలో వచ్చే మ్యూజిక్ ఏమైంది?

జవాబు: పాట నిడివిని కవో సంగీత దర్శకుడో ఒక్కరే నిర్ణయించిన రోజులు పెద్దగా లేవు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు పట్టేదే మూడు నిమిషాల చిల్లర, పాటలు ఆ సైజుకే కుదురుకున్నాయి. ఇప్పుడు ఫోన్ తెర, రీల్ సైజు ఆ పని చేస్తున్నాయి. కాబట్టి కుదించడం కొత్త కాదు, దేన్ని కోస్తున్నారన్నదే నా బాధ. కత్తెర ముందు పడేది ఇంటర్‌లూడ్ మీదే. ఇళయరాజా ఒక్కో వాద్యానికీ తన చేత్తోనే స్వరాలు రాసిచ్చేది ఆ కాస్త జాగా కోసం కూడా కదా! పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లన్నీ ఒక దారిన పోతుంటే కింద బేస్ గిటార్ ఇంకో దారి పట్టి, చరణం మొదటి మాట దగ్గరికి రెండూ టైముకి చేరుకోవడం... నేను కొన్ని పాటలు ఆ ముప్పై సెకన్ల కోసమే పెట్టుకుంటాను, చరణం రాగానే వెనక్కి జరుపుతాను. (పాడినవాళ్లకి తెలిస్తే బాధపడతారేమో.) మాట సంగతికొస్తే, కె.వి.మహదేవన్ తెలుగులో ముందు పాట రాయించుకుని, ఆ మాటల నడకని బట్టి బాణీ కట్టేవారని పేరు. అలా కట్టిన పాటలో చరణం తీసేస్తే వెలితి ఇట్టే తెలుస్తుంది. ట్యూన్‌లో మాటలు నింపిన పాటలో అయితే చాలాసార్లు తెలియను కూడా తెలియదు, అందుకే కోయడానికి ఎవరికీ చెయ్యి వణకట్లేదు.

ప్రశ్న: మేం నలుగురం కలిసి పన్నెండు నిమిషాల షార్ట్ ఫిలిం తీశాం. చూసినవాళ్లంతా 'మరీ సైలెంట్‌గా ఉంది, బీజీఎం దట్టించండి' అంటున్నారు. మీకు నచ్చిన షార్ట్ ఫిలింలలో మ్యూజిక్ ఎలా ఉంటుంది? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: అప్పుడే దట్టించకండి. ముందు మ్యూట్‌లో పెట్టి చూడండి, కథ అర్థమవుతోందా? అయితే ఈసారి కళ్లు మూసుకుని వినండి. ఫ్యాన్ తిరిగే చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, బయట బండి పోయిన చప్పుడు ఉన్నాయా? మన షార్ట్ ఫిలింలలో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే, డైలాగ్ అయిపోగానే సౌండ్ ట్రాక్ చచ్చిపోతుంది, ఆ గొయ్యి కనపడకుండా పైన వయొలిన్లు పరిచేస్తారు. షూటింగ్ అయిపోయాక అదే గదిలో అందర్నీ నోరు మూసుకుని నిలబడమని ఒక్క నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డ్ చేసుకుంటే, ఎడిటింగ్‌లో సగం టెన్షన్ తగ్గుతుంది.

నాకు బాగా నచ్చింది సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'టూ'. ఒక్క డైలాగ్ కూడా ఉండదు. మేడ మీద గదినిండా బొమ్మలున్న పిల్లాడు, కింద గుడిసె పిల్లాడు. కిందవాడు వేణువు ఊదితే పైవాడు బొమ్మ ట్రంపెట్ తెచ్చి అంతకంటే గట్టిగా ఊదుతాడు. వాడు ఏది తెచ్చినా వీడి దగ్గర దాన్ని మించింది ఉంటుంది. చివరికి కిందవాడు గాలిపటం ఎగరేస్తే పైవాడు ఎయిర్‌గన్‌తో దాన్ని కొట్టి పడేస్తాడు. గెలిచాననుకుని మళ్లీ బొమ్మల మధ్యకి వస్తాడు, వాటి రొదలోంచే బయటి వేణువు మళ్లీ వినిపిస్తుంది. సంగీతం కూడా రాయ్‌దే. ఏడవమని, నవ్వమని ప్రేక్షకుడికి చెప్పే పని అక్కడ వేణువుకి పెట్టలేదు. అది ఆ పిల్లాడి వస్తువు, వాడి జవాబు. మీ సినిమాలో ఏ పాత్ర చేతిలోనైనా అలాంటి చప్పుడు ఒకటి ఉందేమో వెతకండి. ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు: పెద్ద సినిమా ఛాన్స్ కోసం విజిటింగ్ కార్డులా తీసిన షార్ట్ ఫిలిం మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది, డ్రోన్ షాట్‌తో మొదలవుతుంది కాబట్టి.

ప్రశ్న: బొమ్మల్లో మీకు బాపు ఇష్టమా, వడ్డాది పాపయ్య ఇష్టమా?

జవాబు: ఈరోజు అందరూ నన్ను ఇరికించడానికే కూర్చున్నట్టున్నారు. వ.పా. రంగులు చూస్తే కడుపు నిండుతుంది, కానీ మళ్లీ మళ్లీ తెరిచేది బాపు పేజీనే. ఒక్క గీతలో మెడ, భుజం, జడ వచ్చేస్తాయి, ఆ గీత ఒక చోట లావుగా మొదలై సన్నబడి ఆగిపోతుంది. వెనక గోడ, కిటికీ వేయాలని కూడా అనుకోరు చాలాసార్లు, అయినా ఆవిడ గుమ్మంలో నిలబడిందని మనకి తెలిసిపోతుంది.

ప్రశ్న: పిల్లలతో కూర్చుని చూడ్డానికి ఒక షార్ట్ ఫిలిం చెప్పండి.

జవాబు: ఫ్రెంచ్ దర్శకుడు అల్బేర్ లామోరిస్ 1956లో తీసిన 'ది రెడ్ బెలూన్'. ముప్పై నాలుగు నిమిషాలు. మాటలు దాదాపు లేని ఈ సినిమాకి ఆస్కార్ ఇచ్చింది స్క్రీన్‌ప్లేకి, అదీ గమ్మత్తు. బెలూన్‌కి ఏమైందని చివర్లో పిల్లలు అడుగుతారు. జవాబు మీరే చెప్పుకోండి, నాకు ఉత్తరం రాయకండి.