గుడ్లు రోజుకి ఒక్కసారి తిప్పితే సరిపోదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. చిన్న ఇంక్యుబేటర్ కొని నాటుకోడి గుడ్లు పెడుతున్నాం, సగం కూడా పిల్లలు అవ్వట్లేదు. 21 రోజులు దాటాక మిగిలినవి పగలగొట్టి చూస్తే చాలావాటిలో పిల్ల ఈకలతో సహా తయారై లోపలే చచ్చిపోయి ఉంటోంది, మొన వైపు జిగురుగా తెల్లసొన మిగిలిపోతోంది. మొదట్లో పిల్ల ఇంకా తయారవ్వదు కదా అని మొదటి వారం తిప్పను, తర్వాత రోజుకి ఒకసారి తిప్పుతున్నా. మిషన్‌లోనే లోపమా?

జవాబు: అమ్మా, మిగిలిపోయిన తెల్లసొన గమనించి రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మీరు తిప్పకుండా వదిలేస్తున్న ఆ మొదటి వారమే తిప్పడం అన్నిటికంటే ముఖ్యం, ముఖ్యంగా 3 నుంచి 7 రోజుల మధ్య. అప్పుడు జరిగిన నష్టం చాలాసార్లు అప్పుడే కనపడదు, పిల్ల పెరుగుతూనే ఉంటుంది, టార్చ్ పెట్టి చూస్తే రక్తనాళాలు కూడా బాగానే కనిపిస్తాయి, తీరా పెంకు పగలగొట్టుకుని రావాల్సిన టైమ్‌కి చచ్చిపోతుంది, మనమేమో చివరి రోజుల్లో ఏదో తప్పు జరిగింది అనుకుంటాం.

పచ్చసొన తేలికగా ఉంటుంది కాబట్టి పైకి తేలుతుంది, దాని మీదే పిండం ఉంటుంది, గుడ్డు కదపకుండా ఉంచితే అది పైన పొరకి అంటుకుపోవచ్చు. ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. పెంకు లోపల చుట్టూరా రక్తనాళాలతో ఒక పల్చటి పొర పరుచుకుంటుంది, పిల్లకి గాలి అందేది దాని ద్వారానే, గుడ్డు తిప్పకపోతే ఆ పొర పూర్తిగా పరుచుకోదు. దాంతో సుమారు 12వ రోజు నుంచి పిల్ల మింగాల్సిన తెల్లసొన దానికి అందకుండా మొన దగ్గరే ఉండిపోతుంది, అంటే పిల్లకి తిండీ తగ్గింది, గాలీ తగ్గింది, ఇక పెంకు పొడిచే బలం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. పొదుగు మీదున్న పెట్టని గమనించండి, మొదటి రోజుల నుంచే పగలూ రాత్రీ ముక్కుతో గుడ్లు కదుపుతూనే ఉంటుంది.

చేత్తో తిప్పేటప్పుడు కనీసం 3 సార్లు, వీలైతే 5 సార్లు తిప్పండి, 2 లేదా 4 మాత్రం వద్దు, ఎందుకంటే సరిసంఖ్య అయితే ప్రతి రాత్రీ ఒకే వైపు పైకి ఉండిపోతుంది, అన్నిటికంటే ఎక్కువసేపు కదలకుండా ఉండేది రాత్రే కదా. పెన్సిల్‌తో ఒకవైపు ఇంటూ మార్కు, రెండోవైపు సున్నా పెట్టుకుంటే తికమక ఉండదు. ఒకసారి కుడికి తిప్పితే ఇంకోసారి ఎడమకి తిప్పండి, ఎప్పుడూ ఒకే దిక్కుకి తిప్పుతూ పోతే లోపల రక్తనాళాలు దెబ్బతింటాయి. చేతులు కడుక్కుని మెల్లగా, కుదుపు లేకుండా.

18వ రోజుకి తిప్పడం పూర్తిగా ఆపేయాలి, అప్పుడు పిల్ల గాలి గది (గుడ్డు వెడల్పు వైపు లోపల గాలి ఉండే ఖాళీ) వైపు ముక్కు పెట్టుకుని సర్దుకుంటుంది. అప్పటిదాకా 50–55 శాతం ఉన్న తేమని 65–70కి పెంచి, మూత మాటిమాటికీ తీయకండి.

మిషన్‌ని కూడా ఒకసారి చెక్ చేయండి, వేడి తక్కువైనా తెల్లసొన మిగలొచ్చు. ఫ్యాన్ ఉన్న మిషన్ అయితే 37.5 డిగ్రీలు ఉండాలి, మంచి థర్మామీటర్ ఇంకోటి లోపల పెట్టి పోల్చి చూడండి.

ప్రశ్న: ఆటోమేటిక్‌గా తిప్పే ట్రే ఉన్నది కొనమంటున్నారు, కొనొచ్చా సార్?

జవాబు: పొలం పనులతో రోజుకి 3 సార్లు కుదరదు అనుకుంటే తప్పకుండా కొనండి. ట్రే అటు 45, ఇటు 45 డిగ్రీలు వాలాలి, గంటకోసారి తిరిగితే మంచిది. గుడ్డు వెడల్పు వైపు పైకి, మొన కిందకి పెట్టండి. కొన్నాక ఓ రోజు ఖాళీగా నడిపి ట్రే నిజంగా అంత వాలుతోందా లేదా మీ కళ్ళతో చూసుకున్నాకే గుడ్లు పెట్టండి.