కొడుకు ఇంటికి రెండుసార్లు, కూతురి గడప ఒక్కసారీ తొక్కలేదు

ప్రశ్న: మాది కాకినాడ. మావారు రిటైరై ఆరేళ్లయింది. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. కోడలి పురుళ్లకు రెండుసార్లు వెళ్లి ఆరేసి నెలలు ఉండి వచ్చాను. అమ్మాయికి 34 ఏళ్లు, ఏడేళ్లుగా బెర్లిన్‌లో ఉద్యోగం. పెళ్లి మాటెత్తితే దాటేస్తుంది. ఇప్పుడు రొమేనియాలో ఏదో షెల్టర్ నుంచి వీధికుక్కను తెచ్చుకుంటుందట, 400 యూరోలు కట్టిందట. మొన్న అర్ధరాత్రి ఫోన్ చేసి దాని వీడియో చూపించింది. పంపిన బయోడేటా చూశావా అని అడిగితే ఫోన్ పెట్టేసింది. పైగా అది వచ్చే సమయానికి నన్ను వచ్చి మూడు నెలలు ఉండమంటోంది. కుక్కకు ఆయాగా పిలుస్తోందని మావారు మండిపడుతున్నారు. నెలనెలా పిఠాపురం వెళ్లి దత్తుడి దర్శనం చేసుకుని వచ్చేదాన్ని, పూజా మడీ ఉన్నదాన్ని. కుక్క ఉన్న ఇంట్లో ఎలా ఉండను? ఒంటరి పిల్ల ఇంటికెళ్లి నెలల తరబడి ఉంటే నలుగురూ ఏమంటారు? ఈ కుక్క గొడవ మాన్పించే మార్గం చెప్పండి. - ఒక తల్లి

జవాబు: మాన్పించే మార్గం నా దగ్గర లేదమ్మా, ఉన్నా చెప్పను. 34 ఏళ్ల పిల్ల, తన సంపాదన, తన ఇల్లు. ఆ సంగతి అక్కడికి వదిలేద్దాం.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది కుక్క దగ్గర కాదు. పురుళ్లకు రెండుసార్లు డల్లాస్ వెళ్లారు. వంట చేశారు, పసివాళ్లకు నీళ్లు పోశారు, రాత్రిళ్లు మేలుకున్నారు. అప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆయా అనలేదు, మీరూ అనుకోలేదు. ఏడేళ్లలో బెర్లిన్ మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. కోడలు బిడ్డను కంటే అది వెళ్లాల్సిన ఇల్లయింది, మెడలో తాళి లేదు కాబట్టి కూతురిది ఇల్లే కాకుండా పోయింది. నలుగురూ ఏమంటారో అన్న మాట కొడుకు దగ్గరికి వెళ్లేటప్పుడు మీకు గుర్తుకు రాలేదు చూడండి.

మా నాన్నగారు నా ఇంటికొస్తే మంచినీళ్లు తాగి, కాఫీ వద్దనేవారు. బలవంతం మీద ఒక పూట భోంచేస్తే, లేచేలోపు పిల్లల చేతిలో డబ్బులు పెట్టేవారు. ఆడపిల్ల సొమ్ము తినకూడదనేది ఆయన నియమం. ఆయన మంచి మనిషి, కానీ ఆ డబ్బులు చూసినప్పుడల్లా నాకు గొంతులో అన్నం ముద్ద దిగేది కాదు. మా తరంలో చాలామంది ఆడవాళ్లు ఈ బాధ పడ్డారు, మీరూ పడే ఉంటారు. అదే మళ్లీ మీ పిల్లకు పెడుతున్నారు. నాకు కోపం వచ్చింది అందుకే.

మూడు నెలలని ఎందుకు అడిగిందో ఆలోచించారా? చూడ్డానికి వెళ్లేవాళ్లకు జర్మనీ లాంటి యూరప్ దేశాలు ఇచ్చే షెంగెన్ వీసా మీద ఉండనిచ్చేది 90 రోజులు. ఎంతకాలం ఉండనిస్తారో అంతకాలమూ ఉండమని అడిగింది మీ అమ్మాయి. అర్ధరాత్రి ఫోన్ చేసి, తన ఇంటికి రాబోయే ప్రాణిని ముందుగా మీకు చూపించింది. మీరు బయోడేటా అడిగారు.

బెర్లిన్‌లో కుక్కలు లేవా అని మీకు అనిపించవచ్చు. ఉన్నాయి, యూరప్‌లోనే పెద్ద షెల్టర్లలో ఒకటి బెర్లిన్‌లోనే ఉంది. అక్కడ ఎందుకు తీసుకోలేదో అమ్మాయిని అడగండి, తప్పుపట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. రొమేనియా సంగతి నాకు తెలిసినంత చెబుతాను. అక్కడి నియంత చౌషెస్కూ కాలంలో ఇళ్లు కూల్చి జనాన్ని అపార్ట్‌మెంట్లలోకి తరలించినప్పుడు చాలా కుక్కలు రోడ్డున పడ్డాయి. వాటి సంతతి వీధుల్లో పెరిగింది. 2013లో బుకారెస్ట్‌లో నాలుగేళ్ల పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాక చట్టం మార్చారు. పట్టుకున్న కుక్కను 14 పనిదినాల్లో ఎవరూ తీసుకోకపోతే చంపేయడానికి వీలు కల్పించారు. అందుకే అక్కడి సంస్థలు వాటిని జర్మనీ లాంటి చోట్లకు పంపే ప్రయత్నం చేస్తాయి. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి దుఃఖమూ నిజమే, ఏ పాపమూ ఎరగని కుక్క బోనులో రోజులు లెక్కపెట్టుకోవడమూ నిజమే.

అమ్మాయి కట్టిన ఆ 400 యూరోలు కుక్క ఖరీదని అనుకోవద్దు. మామూలుగా టీకాలకూ, ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్‌కూ, ప్రయాణానికీ అయ్యే ఖర్చుల కింద తీసుకుంటారు. పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా వేసి, ఆపైన 21 రోజులు ఆగితేనే సరిహద్దు దాటిస్తారు. మంచి సంస్థ అయితే ముందుగా మనిషిని ఇంటికి పంపి, రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా వదిలేస్తారు, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, మీకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని అడుగుతుంది. పిల్లనిచ్చేటప్పుడు మనం ఇన్ని అడగం. ఆ ఆఖరి ప్రశ్నకు మీ అమ్మాయి ఏం జవాబు చెప్పిందో నాకు తెలియదు. తలచుకుంటేనే మనసు కలుక్కుమంటోంది.

రక్తపరీక్షల కాగితాలు, ముఖ్యంగా బ్రూసెల్లా (మనుషులకూ సోకగల బాక్టీరియా), హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) ఫలితాలు, కుక్క బయలుదేరకముందే తెప్పించుకోమని చెప్పండి. వ్యాన్ దిగిన రోజే బెదిరి తప్పించుకు పారిపోయే కుక్కలుంటాయి, మెడపట్టీకి ఒకటి, ఒంటి పట్టీకి ఒకటి, రెండు తాళ్లు వేసి దింపుకోమనండి.

మడి సంగతి. పిఠాపురంలో మీరు దణ్ణం పెట్టుకునే ఆ దత్తుడి పటంలో పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. మీ పూజకు ఒక అలమర, దానికొక తలుపు చాలు. మీవారితో గొడవ పెట్టుకోకండి, వస్తే ఇద్దరూ వెళ్లండి, లేదంటే మీరొక్కరే వెళ్లండి. ఒంటరిగా డల్లాస్ విమానం ఎక్కినవారికి బెర్లిన్ కష్టమేం కాదు.

సంబంధాల మాట ఈ మూడు నెలలూ ఎత్తకండి. ఎవరైనా ఫోన్ చేస్తే, అమ్మాయి ఇంట్లో ఉన్నాను, తర్వాత మాట్లాడతానని చెప్పండి. "అమ్మాయి ఇంట్లో" అనే మాట నోటితో అనండి.

భయపడిన కుక్క మొదటి రోజుల్లో సోఫా వెనకో మంచం కిందో నక్కుతుంది. పిలవకూడదు, కళ్లలోకి చూడకూడదు, తాకకూడదు. కాస్త దూరంలో నేల మీద కూర్చుని, ఒకే గొంతుతో, తొందర లేకుండా ఏదైనా చదువుతూ ఉంటే దానికి మనిషి గొంతు అలవాటవుతుంది. కొన్ని షెల్టర్లలో పిల్లల చేత కుక్కలకు పుస్తకాలు చదివించేది ఇందుకే. మీరు రోజూ చేసే పారాయణం అక్కడ కూర్చుని చేసుకోండి. పక్కన మీ అమ్మాయి కూడా కూర్చుంటుంది.

వీసా అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు. ఈ రాత్రే ఫోన్ చేసి, ఆహ్వాన పత్రం పంపమని అడగండి.